నేల పైకి, తీగ కిందికి

పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగ నేలకు కనీసం 4.6 మీటర్ల ఎత్తున ఉండాలి. అంటే పదిహేను అడుగులు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో ఉన్న అంకె ఇది. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్త నిబంధనలు తెచ్చినప్పుడు కూడా ఇదే నిలిచింది. ఎడ్లబండి మీద మోపులు వేసుకుపోయే రోజుల్లో పదిహేను అడుగులంటే చాలా ఎత్తే. ఇప్పుడు దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక గోదావరి డెల్టాలో ఉండి వైపో పెనుగొండ వైపో వెళ్లి చూడండి. ట్రాక్టర్ ట్రక్కు అడుగు నేలకు మీటరు ఎత్తున ఉంటుంది. దాని మీద వరిగడ్డి రెండున్నర మీటర్లు వేస్తారు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఆ గడ్డి మీద పంగల కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి అయిదున్నర అడుగులు. అన్నీ కూడితే అయిదు మీటర్లు దాటుతుంది. నిబంధన ప్రకారం సరిగ్గా కట్టిన తీగ ఆ మనిషి ఛాతీకి తగులుతుంది.

లైను కట్టినవాళ్లు తప్పు చేయలేదు, ట్రాక్టర్ తోలినవాడూ తప్పు చేయలేదు. అయినా మనిషి పోతాడు. పని చేసే మనుషులు కరెంటు తీగలకు బలయ్యే ప్రమాదాల్లో చాలావాటి వెనక ఇలాంటి కూడికే ఉంటుంది. దేశంలో కరెంటు షాకుతో ఏటా 12 వేల నుంచి 13 వేల మంది చనిపోతున్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి. వార్త వచ్చిన ప్రతిసారీ 'అజాగ్రత్త' అనే మాట వాడి వదిలేస్తాం. గోదావరి డెల్టాలో ఆ మాట మరీ చాలదు. ఇక్కడ తీగకూ మనిషికీ మధ్య ఉన్న దూరం ఎవరూ ముట్టుకోకుండానే తగ్గిపోతూ ఉంటుంది.

మొదట నేల సంగతి. డెల్టా పల్లపు సీమ. ఇల్లు కట్టాలంటే ముందు మెరక చేయాలి. ఇసుక ర్యాంపు నుంచో చెరువు తవ్వకం నుంచో టిప్పర్లు వచ్చి చేనును మూడు నాలుగు అడుగులు లేపుతాయి. ఆ మెరక మీద పునాది, పునాది మీద శ్లాబు. అప్పటిదాకా చేను మీద పదిహేను అడుగుల ఎత్తున ఉన్న తీగ, ఇంటి స్థలం అయ్యేసరికి పదకొండు పన్నెండు అడుగులకు వచ్చేస్తుంది. స్తంభం మాత్రం పాత నేలలోనే ఉంటుంది, మొల దాకా మట్టి కప్పుకుని. రోడ్ల కథా ఇంతే. కంకర మీద తారు, తారు మీద మళ్లీ తారు, చివరికి సిమెంటు రోడ్డు. ఒక్కో విడతకు రోడ్డు కొంత పైకి వస్తుంది. భీమవరం, ఆకివీడు వైపు వరిచేలు చేపల చెరువులైనప్పుడు తవ్విన మట్టంతా గట్టుగా లేస్తుంది. ఆ గట్టు ఒక్కోచోట రెండు మీటర్లు ఉంటుంది. ఆ గట్టు మీద పొక్లెయిన్ నడుస్తుంది, మేత బస్తాల లారీ నడుస్తుంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. ఆ తర్వాత గోదావరి ఏటిగట్లను ఎత్తు పెంచి బలపరిచారు. గట్టు పెరిగితే ఊరికి రక్షణే. అయితే గట్టు మీదుగా పోయే తీగకు మాత్రం నేల దగ్గరవుతుంది.

దీన్ని ఎవరూ ఊహించలేదని అనుకోకండి. 1956 నిబంధనల్లో 82వది చదివితే ఆశ్చర్యం వేస్తుంది. లైను కింద గానీ పక్కన గానీ ఇల్లు కట్టాలన్నా, ఉన్న ఇంటిని మార్చాలన్నా, వరదగట్టు వేయాలన్నా, రోడ్డు ఎత్తు పెంచాలన్నా ముందుగా లైను యజమానికి రాతపూర్వకంగా తెలపాలని అందులో ఉంది. వరదగట్టు అనే మాట ప్రత్యేకంగా రాశారు. డెల్టా మనుషులెవరో పక్కన కూర్చుని రాయించినట్టుంటుంది. దాని వెంటనే ఉన్న 82ఏ ప్రకారం, దూరం చెడే అవకాశం ఉన్నచోట తీగల కింద నుంచి ఇనుప రాడ్లు, గొట్టాలు తీసుకుపోకూడదు. తప్పదంటే అధికారం ఉన్న మనిషి దగ్గరుండి చూడాలి. 2010 నిబంధనల్లోకీ ఈ రెండూ వచ్చాయి. మన ఊళ్లో మెరక చేయించేవాళ్లలో ఎంతమంది ఇలాంటి కాగితం పెట్టి ఉంటారో మీరే ఆలోచించండి. నాకు తెలిసి మెరక పని పూర్తయి, గోడలు లేచి, సెంట్రింగ్ కూలీలు రాడ్లు పైకి అందుకునే రోజున ఎవరో ఒకరు తల పైకెత్తి "అమ్మో, తీగ" అంటారు. అప్పుడు మేస్త్రీ చెప్పే మాట కూడా అందరికీ తెలిసిందే: "ఏం పర్లేదండీ, మేం చూసుకుంటాంగా, ఆయ్."

ఇక తీగ సంగతి. 80 మీటర్ల దూరంలో రెండు స్తంభాలు ఉన్నాయి, మధ్యలో తీగ ఒక మీటరు కిందికి జారి ఉందనుకుందాం. లైన్‌మెన్ దీన్ని సాగ్ అంటారు. స్తంభం నుంచి స్తంభానికి తిన్నగా కొలిస్తే 80 మీటర్లు. వేలాడే తీగ పొడవు ఎంతో తెలుసా? 80 మీటర్ల 3.3 సెంటీమీటర్లు. మీటరు జారడానికి మూడు సెంటీమీటర్ల అదనపు తీగ చాలన్నమాట. ఇప్పుడు ఎండ లెక్క కలపండి. సంక్రాంతి నాటి తెల్లవారుజామున 20 డిగ్రీలున్న తీగ, మే నెల మధ్యాహ్నం ఎండ వేడి, తనలో పారే కరెంటు వేడి కలిసి 50 డిగ్రీలకు చేరిందనుకోండి. లోపల స్టీలు, పైన అల్యూమినియం పేనిన ఈ తీగ 80 మీటర్ల పొడవున దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది. అదనపు పొడవు మూడు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దగ్గరికి పోతుంది. లెక్క కడితే సాగ్ మీటరు నుంచి మీటరున్నరకు దిగుతుంది. బిగువు సడలినప్పుడు సాగిన లోహం కాస్త ముడుచుకుంటుంది కాబట్టి అసలు జారుడు దీనికంటే కొంత తక్కువే ఉంటుంది. అయినా విషయం అర్థమైంది కదా: తీగ పెరిగేది వేళ్ల మందంలో, దిగేది మూరల్లో.

ఇదే లెక్కను స్తంభానికి పెట్టి చూడండి. స్తంభం తల లైను వెంబడి నాలుగున్నర సెంటీమీటర్లు ఒరిగినా తీగ అంతే దిగుతుంది. ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభానికి ఆ ఒరుగు అర డిగ్రీ కూడా ఉండదు. కంటికి ఆనదు. రెండు పంటలకూ నీళ్లు నిలిచే ఒండ్రు నేలలో, సార్వా (ఖరీఫ్) మొదట్లో దమ్ము చేసినప్పుడల్లా మొదలు కదిలే స్తంభానికి ఈ అర డిగ్రీ ఒక లెక్కా? స్టే తీగ తుప్పు పట్టినా, ట్రాక్టర్ చక్రం తగిలి వదులైనా అంతే. కాబట్టి నిరుడు ఇదే చేలో ఇదే కోత మిషను సాఫీగా పోయిందన్న నమ్మకం ఈ ఏడాదికి పనికిరాదు. మిషను అదే, చేను అదే, తీగ మాత్రం నిరుటి ఎత్తులో లేదు.

తీగ మీద ఏదో పూత ఉందని చాలామంది నమ్మకం. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ అల్యూమినియం నల్లబడి, దూరం నుంచి ప్లాస్టిక్ తొడుగులా కనిపిస్తుంది. అలాంటిదేమీ లేదు. పల్లెల్లో మనం చూసే 11 కేవీ తీగ చాలావరకు ఒట్టి లోహమే. దానికి ఉన్న ఇన్సులేషన్ చుట్టూ ఉన్న గాలి. స్తంభం దగ్గర పింగాణీ పిన్ను, మిగతా పొడవంతా గాలి. గాలి మంచి ఇన్సులేటరే, పైగా ఉచితం. అందుకే ప్రపంచమంతా ఇలాగే కడతారు. చిక్కల్లా ఏమిటంటే, గాలిలోకి మనం ఏదైనా దూర్చవచ్చు. గోడలోకి దూర్చలేం.

ఇంకో నమ్మకం దీనికి ఎదురు: పెద్ద కరెంటు మనిషిని దూరం నుంచే లాగేసుకుంటుందని. 11 కేవీ లైను విషయంలో ఇది నిజం కాదు. ఆ వోల్టేజీ గాలిలో దూకగలిగేది ఒకటి రెండు సెంటీమీటర్లే. పెద్ద టవర్ల మీది 132, 220 కేవీ లైన్లయితే దూకే దూరం బాగా ఎక్కువ. మరి 11 కేవీకి ఒకటి రెండు సెంటీమీటర్లే అయితే, క్రేను లాంటి యంత్రాలు 50 కేవీ దాకా ఉన్న లైన్లకు పది అడుగులు దూరంగా ఉండాలని అమెరికా భద్రతా నియమాలు ఎందుకు పెట్టాయి? ఆ పది అడుగులు కరెంటు కోసం కాదు, మన కళ్ల కోసం. ఆకాశం ముందు సన్నని తీగ ఎంత దూరంలో ఉందో కన్ను పోల్చుకోలేదు, పోల్చడానికి వెనక ఏ వస్తువూ ఉండదు గనక. కోత మిషను డ్రైవరు చూపు ముందున్న కట్టరు మీద ఉంటుంది, గింజ దింపే గొట్టం ఎక్కడ తిరుగుతోందో వెనక్కి చూస్తే తప్ప తెలియదు. టిప్పరు డ్రైవరు తొట్టి ఎత్తేటప్పుడు చూసేది అద్దంలో మట్టి జారుతోందా లేదా అని. చేత్తో బోరు దింపేవాళ్లు పట్టుకునే జీఐ గొట్టం ఇరవై అడుగులు. దాన్ని నేల మీద నుంచి నిలువుగా లేపేటప్పుడు కింది కొస అడుగు జరిగితే పైకొస ఎక్కడికి ఊగుతుందో ముందుగా చెప్పడం కష్టం. ఈ పొరపాట్లన్నిటికీ చోటు ఇవ్వడానికే ఆ దూరం.

కొబ్బరి తోటల్లో ఇదే సంగతి ఇంకో రూపంలో ఎదురవుతుంది. కోనసీమ దింపు కార్మికుడికి తీగ పైన కాదు, పక్కన ఉంటుంది. నిరుడు తీగకు దూరంగా ఉన్న మట్ట ఈ ఏడాది గాలి వీస్తే తీగను తాకుతుంది. పచ్చి మట్టలో నీరు ఉంటుంది, మోకులో చెమట, తేమ ఉంటాయి. మెట్టలో, చింతలపూడి, జంగారెడ్డిగూడెం వైపు ఆయిల్‌పామ్ గెలలు కోసేందుకు అల్యూమినియం గొట్టానికి కొడవలి బిగిస్తారు. చెట్టు పెరిగేకొద్దీ గొట్టం పొడవు పెంచుకుంటూ పోతారు. వెదురు దోటి అయితే ఫర్వాలేదనుకోవడమూ పొరపాటే. ఎండు వెదురు కొంత నయం. పచ్చిదైనా, వానకు తడిసినా ఆ నయం కాస్తా పోతుంది. కడియం నర్సరీల నుంచి నిలువెత్తు పామ్ మొక్కలు వేసుకుని బయల్దేరే లారీల మీద నిలబడి తాళ్లు బిగించే కుర్రవాళ్లనూ ఈ లెక్కలోనే వేసుకోవాలి.

ఇక శరీరం సంగతి. ఇంట్లో వాడే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునే కరెంటు దాదాపు 40 మిల్లీఆంపియర్లు. అంతకంటే తక్కువ కరెంటు, పది పదిహేను మిల్లీఆంపియర్లు చేతి గుండా పోయినా కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదల్లేం. వేళ్లు ముడిచే కండరాలు తెరిచే వాటికంటే బలమైనవి, అందుకే గొట్టం పట్టుకున్న చెయ్యి గొట్టాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వంద మిల్లీఆంపియర్లు ఛాతీ గుండా ఒకటి రెండు సెకన్లు పోతే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణుకుతుంది. తడి చేతులు, బురదలో వట్టి కాళ్లు ఉన్న మనిషి శరీరం దాదాపు వెయ్యి ఓమ్‌లనుకుంటే ఇంటి 230 వోల్టులకే 200 మిల్లీఆంపియర్లు దాటిపోతాయి. 11 కేవీ లైనులో ఒక్కో తీగకూ నేలకూ మధ్య ఉండేది 6,350 వోల్టులు. ఇక అక్కడ కరెంటును ఆంపియర్లలో లెక్క పెట్టాలి. గుండె ఆగడంతో పాటు లోపలి కండ కాలిపోతుంది. హవాయి చెప్పులు, ఇంట్లో వాడే రబ్బరు గ్లవ్స్ ఆ వోల్టేజీ ముందు లేనట్టే.

తీగ మీద కాకి హాయిగా వాలుతుంది కదా అంటారు. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి, వాటి మధ్య వోల్టేజీ తేడా లేదు. అదే పెద్ద గబ్బిలం రెక్క చాచి పక్క తీగను కూడా తాకితే మాడిపోయి వేలాడుతుంది. మనకూ గబ్బిలానికీ ఈ విషయంలో తేడా లేదు. మన రెండో తీగ నేల.

2024 నవంబరు 4న తూర్పు గోదావరి జిల్లా ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో సర్దార్ పాపన్న గౌడ్ విగ్రహావిష్కరణ కోసం ఫ్లెక్సీ కడుతుండగా అది కరెంటు తీగలకు తగిలింది. నలుగురు యువకులు చనిపోయారు, ఇంకొకరు గాయపడ్డారు. నాలుగేళ్ల ముందు, 2020 సెప్టెంబరు 1న చిత్తూరు జిల్లా శాంతిపురం మండలంలో సినిమా నటుడి పుట్టినరోజు బ్యానరు కడుతూ ముగ్గురు అభిమానులు ఇలాగే పోయారు. ఫ్లెక్సీ ప్లాస్టిక్ కదా, దానికి కరెంటు ఎలా వస్తుందని ఎవరైనా అడగవచ్చు. ప్లాస్టిక్ గుడ్డను నిలబెట్టేది ఇనుప ఫ్రేము, ప్రాణం తీసేదీ అదే. ఒక ఫ్రేమును నలుగురు పట్టుకుంటే నలుగురూ ఆ ఇనుముకూ నేలకూ మధ్య నాలుగు విడి దారులవుతారు. కరెంటు ఒకరిని ఎంచుకుని మిగతావాళ్లను వదలదు, అందరి గుండా ఒకేసారి పోతుంది. అలాంటి చోట ఒకరు కాక ముగ్గురు నలుగురు పోవడానికి కారణం ఇదే. అయిదోవాడు పరుగున వచ్చి లాగబోతే అతనూ ఒక దారి అవుతాడు.

ఫ్లెక్సీ కట్టేవాళ్లకు చాలాసార్లు కూలి ఉండదు. ఊరి కోసం, కులం కోసం, అభిమానం కోసం చేస్తారు. కానీ ఇరవై అడుగుల ఫ్రేమును రోడ్డు పక్కన నిలబెట్టడం అనే పని, క్రేనుతో సిమెంటు దూలం ఎత్తడం లాంటిదే. కాంట్రాక్టరు పని అయితే కనీసం ఒక పేరు ఉంటుంది, ఎవరిని అడగాలో తెలుస్తుంది. అభిమానపు పనికి యజమాని ఉండడు. నా దృష్టిలో ఫ్లెక్సీ ప్రమాదాలకు అసలు మూలం ఇక్కడే ఉంది. పై వరుసలో ఫొటో ఉన్న పెద్దమనుషుల్లో ఒక్కరైనా ఎక్కడ కడుతున్నారని అడిగి ఉండరు.

తీగకు ఏదైనా తగలగానే సబ్‌స్టేషన్లో బ్రేకరు పడిపోతుంది కదా, కరెంటు ఆగిపోతుంది కదా అనే భరోసా కూడా ఉంది. బ్రేకరు మనుషుల్ని కాపాడేందుకు పెట్టింది కాదు, లైనునూ ట్రాన్స్‌ఫార్మర్నూ కాపాడేందుకు పెట్టింది. దాన్ని కదిలించాలంటే మామూలుగా పదులూ వందలూ ఆంపియర్ల లోపం కనపడాలి. మనిషిని చంపడానికి అందులో వెయ్యో వంతు చాలు. తెగిన తీగ పొడి తారు రోడ్డు మీద పడితే బ్రేకరుకు తెలియకుండా అలాగే బతికి ఉండవచ్చు. నీళ్లున్న చేలో పడితే లోపం పెద్దది కాబట్టి బ్రేకరు పడే అవకాశం ఎక్కువ. అయితే పడ్డ ఫీడరును ఆపరేటరు కాసేపాగి మళ్లీ ఒకసారి వేసి చూస్తాడు, టెస్ట్ చార్జ్ అంటారు. కొమ్మ తగిలి పడిందో, తీగ తెగి పడిందో సబ్‌స్టేషన్లో కూర్చున్నవాడికి కనపడదు. "కరెంటు పోయిందిగా, లాగు" అనుకుని తీగ మీద చెయ్యి వేసే క్షణం అదే కావచ్చు. వ్యవసాయానికి త్రీఫేజ్ వేళ అయిపోయింది కాబట్టి లైను చచ్చినట్టే అనుకోవడం ఇంకా ప్రమాదం. మోటారు తిరగనంత మాత్రాన తీగలన్నీ ఖాళీ అయినట్టు కాదు.

తీగే మనిషి మీదికి వచ్చే ప్రమాదాలు వేరే రకం. 2022 జూన్ 30న శ్రీ సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలికి పోతున్న మహిళల ఆటో మీద తీగ తెగిపడి అయిదుగురు చనిపోయారు. అలాంటి చోట బాధ్యత సరఫరా సంస్థదేనని, నిర్లక్ష్యం రుజువు చేయాల్సిన పని కూడా లేదని సుప్రీంకోర్టు 2002లోనే మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో చెప్పింది. మనిషే తీగ దగ్గరికి వెళ్లిన ప్రమాదాల్లో మాత్రం చూపుడు వేలు చనిపోయినవాడి వైపే తిరుగుతుంది. తీగ కిందికి రావడం, నేల పైకి రావడం గురించి ఇంత వివరంగా రాయాల్సి వచ్చింది అందుకే.

మరి ఏం చేయాలి? కరెంటు శాఖవాళ్లు తమ కోసం తాము పెట్టుకున్న పద్ధతి చూస్తే సమాధానం దొరుకుతుంది. లైను మీద పని చేయాలంటే లైన్‌మన్ ముందుగా ఎల్సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. సబ్‌స్టేషన్లో ఆ ఫీడరు బ్రేకరు ఆపుతారు, లైన్ క్లియర్ ఎవరి పేరున ఇచ్చారో పుస్తకంలో రాస్తారు. తర్వాత ఏబీ స్విచ్ తెరిచి తాళం వేయాలి. మూడు బ్లేడులూ నిజంగా విడిపోయాయో లేదో కిందనుంచి కళ్లారా చూడాలి, ఎందుకంటే తుప్పుపట్టి ఒకటి అతుక్కుని ఉండిపోయే సందర్భాలున్నాయి. టెస్టరుతో చూడాలి. ఆపైన పని చేసే చోటికి రెండు వైపులా ఎర్తు రాడ్లు తగిలించాలి. రెండు వైపులా ఎందుకంటే, కరెంటు సబ్‌స్టేషన్ నుంచే రావాలని లేదు. ఏ రైసుమిల్లు జనరేటరో, రొయ్యల చెరువు జనరేటరో తప్పుగా కలిపి ఉంటే ట్రాన్స్‌ఫార్మరు దాన్ని తిరగేసి 11 కేవీగా పెంచి లైనులోకి పంపుతుంది. ఇందులో ఏ మెట్టు వదిలేసినా అనుభవజ్ఞుడైన లైన్‌మన్ కూడా పోతాడు. రోజూ తీగలతో బతికేవాళ్లే ఇన్ని చూసుకుంటుంటే, ఊళ్లో ప్రైవేటు కుర్రాడు ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి ఫ్యూజు వేయడం ధైర్యం కాదు, లెక్క తెలియకపోవడం.

కాబట్టి మొదటి మాట: తీగ దగ్గర పని ఉంటే పనిని దూరం జరపండి. ఫ్లెక్సీ ఇరవై గజాలు అవతల కట్టినా జనానికి కనిపిస్తుంది. బోరు పాయింటు తీగ కింద నుంచి పక్కకు మార్చినా నీళ్లు పడతాయి. గడ్డి ట్రక్కు నింపాక కూలీలు దిగి నడవవచ్చు. పనిని జరపడానికి వీల్లేకపోతే కరెంటు ఆపించాలి. రెండూ కుదరకపోతే, బ్రిటన్లో పొలాలకూ నిర్మాణ స్థలాలకూ చెప్పే ఒక పద్ధతి మనకూ పనికొస్తుంది. తీగకు ఇరుపక్కలా దూరంగా, దారికి అటొకటి ఇటొకటి చొప్పున గుంజలు పాతి, ఒక్కో జత మధ్య తీగకంటే బాగా కింద దారికి అడ్డంగా రంగు జెండాల తాడు కడతారు. గోల్‌పోస్టు అంటారు. బండి తీగను తాకక ముందే తాడును తాకుతుంది, డ్రైవరు ఆగుతాడు. చేపల చెరువు గట్టు మీద, ఇసుక ర్యాంపు దారిలో నాలుగు వెదురు బొంగులతో అయిపోయే పని. మిషను నడిచేంత సేపూ తీగనే చూస్తూ కేక వేయడానికి ఒక మనిషిని పెట్టాలి, అతనికి వేరే పని చెప్పకూడదు. హెల్మెట్లు, గ్లవ్స్ గురించి చివర్లో మాట్లాడుకోవచ్చు.

కరెంటు ఆపించడమంటే పెద్ద తతంగం, మనలాంటి వాళ్లకు ఎవరు ఆపుతారు అని అంటారేమో. కోనసీమ ప్రభల తీర్థం చూడండి. కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి శివారు జగ్గన్నతోటకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నది దాటి వస్తాయి. తాటిచెట్టంత ప్రభను భుజాల మీద మోస్తూ పచ్చని వరిచేల మధ్య నుంచి, వీధుల్లోంచి తీసుకొస్తారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఇదే. ఆ దారిలో తీగలు లేవా? ఉన్నాయి. ప్రభ కదిలే వేళకు కరెంటు ఆపించడం, అడ్డొచ్చే తీగలు విప్పించి మళ్లీ కట్టించడం తీర్థం ఏర్పాట్లలో భాగం. ఏ వీధి ఎప్పుడు దాటుతుందో ఊరి పెద్దలకు తెలుసు, లైన్‌మన్‌కు తెలుసు. జగ్గన్నతోట చుట్టుపక్కల ఊళ్లకు ఎల్సీ అంటే ఏమిటో పాఠం చెప్పనక్కర్లేదు. ప్రభకు చేసేది ఫ్లెక్సీకీ, శ్లాబుకూ, బోరుకూ చేయమనే అడుగుతున్నాను. తీగలో కరెంటు ఉండగా రథం కదిలితే ఏమవుతుందో కూడా చూశాం. తంజావూరు దగ్గర కలిమేడులో 2022 ఏప్రిల్ 27న రథం పెద్ద తీగను తాకి పదకొండు మంది పోయారు. హైదరాబాదు రామంతాపూర్‌లో 2025 ఆగస్టులో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి తీగ తగిలి అయిదుగురు పోయారు.

ఇంత చెప్పాక కూడా ప్రమాదం జరిగితే ఏం చేయాలో క్లుప్తంగా. మిషనుకు తీగ తగిలితే డ్రైవరు లోపలే కూర్చోవాలి, వీలైతే బండిని వెనక్కి తీయాలి. చక్రాలు, బాడీ, సీటు ఒకే వోల్టేజీలో ఉన్నంతసేపు అతనూ కాకిలాంటివాడే. మంట లేచి దిగక తప్పకపోతే మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి దిగకూడదు. రెండు పాదాలూ కలిపి దూరంగా దూకాలి, ఆపైన పాదాలు కలిపే ఉంచి చిన్నచిన్న గెంతులతో, లేదా నేలకు రాస్తూ జరుగుతూ పోవాలి. తీగ పడ్డ చోట నేలలో వోల్టేజీ చుట్టూ పరచుకుని దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. పెద్ద అడుగు వేస్తే ఒక పాదం ఎక్కువలో, ఒకటి తక్కువలో పడి కాళ్ల మధ్య నుంచి కరెంటు నడుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు కనీసం పది మీటర్ల అవతలే ఉండాలి. తడి చేలో అయితే ఇంకా దూరంగా. హెచ్‌టీ (హై టెన్షన్) తీగకు అతుక్కున్న మనిషిని కర్రతో కూడా తోయకండి. లైను ఆపారని శాఖ మనిషి చెప్పాకే దగ్గరికి వెళ్లండి. అప్పుడు కాళ్లూ చేతులూ రుద్దుతూ కూర్చోవద్దు. మనిషి పలకక, ఊపిరి సరిగా తీయకపోతే ఛాతీ మధ్య రెండు చేతులతో, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు, రెండు అంగుళాలు లోపలికి దిగేలా నొక్కుతూనే ఉండాలి, 108 వచ్చేదాకా. వణికే గుండెకు నెత్తురు పంపే పని అంతసేపు మీ చేతులే చేస్తాయి.

గోదావరి జిల్లాల్లో సరఫరా చేసే ఏపీఈపీడీసీఎల్‌కు ఫిర్యాదు నంబరు 1912. ఆ ఫోనుకు డబ్బు పడదు. ఊరి సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్ ఉంటారు, దగ్గరి ట్రాన్స్‌ఫార్మరు మీద రాసిన నంబరు చెబితే ఏ లైనో వాళ్లకు తెలుస్తుంది. ఇల్లు కట్టించే ఇంటాయన, చెరువు తవ్వించే రైతు, ఫ్లెక్సీ కట్టించే నాయకుడు, బోరు వేయించే కౌలుదారు: పని మొదలు పెట్టే రెండు రోజుల ముందు ఆ ఫోను చేయాల్సింది మీరే. రాడ్డు అందుకునే కూలీ చేయాల్సిన ఫోను కాదది.